కదలనందుకు నన్ను కోటను చేశారు

నన్ను మా ఊరికి కోటగా నియమించిన పూట నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

పొద్దున పదిన్నర అయి ఉంటుంది. మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంటు పెంచలయ్య మా ఇంటి ముందున్న సైడు కాలవకు అవతలి గట్టున నిలబడి, "చెంగమ్మవ్వా, నీకు ఆర్డరు వచ్చింది" అని కేకేశాడు. మా ఇంటికి ఎవరొచ్చినా మొదట ఆ గట్టునే నిలబడాలి. కాలవ మీద ఉండాల్సిన నాపరాయి బండ పదకొండేళ్ళ కిందట విరిగి లోపల పడిపోయింది. దూకగలిగినవాళ్ళు దూకుతారు, దూకలేనివాళ్ళు అక్కణ్ణుంచే అరుస్తారు. పెంచలయ్యకు రిటైరు కావడానికి రెండేళ్ళే ఉంది కాబట్టి అరిచే రకం.

"ఏం ఆర్డరు? బండ ఏస్తారంటనా?"

"బండ కాదవ్వా. నిన్ను కోట చేశారు."

నాకు చెవుడు లేదు. డెబ్భై ఆరేళ్ళు నిండినా పక్కవీధిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో ఈ తిన్నె మీద కూర్చుంటే వినబడుతుంది. అయినా రెండోసారి చెప్పించుకున్నాను. పెంచలయ్య కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నేలదొరువు పురపాలక సంఘ పరిధిలో నిర్వహించిన నిశ్చలత్వ సర్వేయందు, ఏడవ వార్డు నివాసి శ్రీమతి చెంగమ్మ గడచిన పదకొండు సంవత్సరములుగా తన స్థానము నుండి కదలనట్లు నిర్ధారణ అయినందున, సదరు వ్యక్తిని పట్టణమునకు ప్రథమ స్వయంచాలక రక్షణ దళముగా ప్రకటించడమైనది. సదరు దళము ఎవరి ఆజ్ఞ కొరకూ వేచియుండక తనంతట తానే పట్టణమును రక్షించవలెను."

"దళమంటే గుంపు గదా పెంచలయ్యా? నేనొక్కదాన్నే ఉండానే?"

"నువ్వొక్కదానివే గుంపని కమిషనరు సారు అన్నాడులే అవ్వా. మొన్న ఒకసారి నీతో మాట్లాడి పొయ్యాడు గదా."

నేను చదివింది మూడో తరగతి. అందులోనూ సగం రోజులు గేదెల వెంట పోయాను. కాబట్టి ఈ వ్యవహారం నాకు అర్థమైన వరుసలోనే చెబుతాను. చదువుకున్నవాళ్ళు చెబితే ఇంకా గజిబిజి అవుతుంది.

ఆ ఆర్డరుకు ఆరు నెలల ముందు మా ఊరికి నిశాంత్‌బాబు గారని కొత్త కమిషనరు వచ్చాడు. చిన్న వయసు. మంచివాడు, పెద్దవాళ్ళు కనబడితే నమస్కారం పెడతాడు. ఆయనకు ఉన్న అలవాటల్లా ఒక్కటే, పలకలాంటి ఫోనులో రాజ్యాల ఆట ఆడటం. ఆ ఆట గురించి మా కోడలు వనజ మీటింగుకు పోయి విని వచ్చింది. డ్వాక్రా ఆడవాళ్ళందరూ రావాలన్నారని పోయింది, పోయినందుకు రెండు గంటలు ఆట గురించి విన్నది.

"పులిజూదం లాంటిదే అత్తా" అంది వనజ, పిండి కలుపుతూ. "నీ వంతు, నా వంతు. గళ్ళు గళ్ళుగా భూమి ఉంటది. మన ఊళ్ళు మనకు, వాళ్ళ ఊళ్ళు వాళ్ళకు. శత్రువు ఊరి మీదికొస్తే రాజు ఏమీ చెప్పబళ్ళే. ఊళ్ళో ఉండే దళాల్లో ఏది గట్టిదో అదే లేచొచ్చి కాస్తదంట."

"చెప్పకుండానే?"

"చెప్పకుండానే. ఇంకో సంగతి. కదలకుండా కూర్చున్న దళానికి వంతు వంతుకీ బలం పెరుగుతా పోతదంట. ఒక్క గడి కదిలిందా, పెరిగిందంతా సున్నా."

పులిజూదం నాకు బాగా తెలుసు. మా తిన్నె మీద రాతిలో చెక్కిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో కూడా కదలకుండా కూర్చున్న మేకలే పులిని కట్టేస్తాయి. కాబట్టి ఆటలో నాకు తప్పేమీ కనబడలేదు. మనిషి ఆటను ఆటగా ఆడుకుంటే ఎవరికీ బాధ లేదు. అయితే కమిషనరు గారు ఒకరోజు ఆ పలక మీంచి తలెత్తి మా ఊరిని చూశాడు. "ఇంతమంది ఊళ్ళో ఊరికే కూర్చుని ఉన్నారు. ఈ బలమంతా వృథాగా పోతోంది" అన్నాడట.

ఆ మాట మీదనే నిశ్చలత్వ సర్వే పుట్టింది. ఇల్లిల్లూ తిరిగి, "మీరు చివరిసారి ఎప్పుడు కదిలారు?" అని అడిగి రాసుకున్నారు. ఇంట్లో తిరగడం కదలిక కిందికి రాదు, గడి దాటితేనే కదలిక. గడి అంటే వీధి. నేను పెరట్లో, వంటింట్లో బొంగరంలా తిరుగుతాను. కాలవ మాత్రం దాటను. అట్లా మొదటి స్థానం నాకొచ్చింది.

ఆ స్థానం మీద పెంచలయ్య ఆశ పెట్టుకున్నాడు పాపం. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఒకే కుర్చీలో ఉన్నాడు. కానీ రోజుకు పద్నాలుగు సార్లు టీకి లేస్తాడని ఎవరో లెక్క చెప్పారు, కొట్టేశారు. రెండో స్థానం ఒక ఫైలుకు వచ్చింది. అది నా అర్జీ ఫైలే. బండ విరిగిన తొమ్మిదో రోజున వనజ చేత రాయించి పంపాను. పంపిన బల్ల మీదనే ఉంది. దానికీ నాకూ తేడా తొమ్మిది రోజులే.

ఎందుకు కదల్లేదని సర్వేవాళ్ళు అడిగితే "మోకాళ్ళు" అన్నాను. వీధిలో వాళ్ళడిగితే "బండ లేదు" అంటాను. రెండూ అబద్ధాలు కావు. రెండూ నిజమూ కావు. ఆ సంగతికి వస్తాను, రాక తప్పదు.

ఆ వారమే నా ఇంటి గోడకు నల్లబోర్డు బిగించారు. పైన "రక్షణ దళం", కింద "బలం: 132". నెలకొకటి చొప్పున పదకొండేళ్ళకు నూట ముప్ఫై రెండట. ప్రతి ఒకటో తారీఖున పెంచలయ్య వచ్చి, కాలవ అవతలినుంచి చెయ్యి చాపి, అందక, వనజ చేత నంబరు మార్పించేవాడు.

మొదటి దాడి కోతులది.

మామూలుగా అయితే కోతులొస్తే పారిశుద్ధ్యం వాళ్ళు డప్పు కొట్టి తరుముతారు. ఇప్పుడు తరమడం నిబంధనలకు విరుద్ధం. ఊరి మీద దాడి జరిగితే గట్టి దళమే ఎదుర్కోవాలి కదా. అందుకని డప్పు కొట్టి ఆ కోతుల్ని నా దగ్గరికి తోలుకొచ్చారు. పద్దెనిమిది కోతులు కాలవ దూకి తిన్నె మీదికి వచ్చాయి. నేను తనంతట తానే రక్షించే దళాన్ని కాబట్టి నాకెవరూ ఏమీ చెప్పలేదు. అందరూ అవతలి గట్టున నిలబడి చూశారు. నేను చేటలో ఉన్న చిక్కుడుకాయలు వాటి ముందు పోసి గుమ్మం లోపలికి పోయి గడియ పెట్టుకున్నాను. అవి తిన్నంత తిని, చేట కూడా పట్టుకుని, గవ్వలపాళెం దారిన పోయాయి. రికార్డులో "శత్రువు తిరోగమించెను. మన పక్షమున నష్టము: చేట ఒకటి" అని రాశారు.

రెండో దాడి ఘనమైనది. ఊళ్ళ శుభ్రతకు మార్కులు వేసే బృందం రాజధాని నుంచి వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి, ముగ్గురికీ మెడలో బిళ్ళలు. వాళ్ళను ఆఫీసులో ఎవరూ పలకరించలేదు. పలకరిస్తే దాడికి దారి తప్పుతుంది. నేరుగా నా దగ్గరికి పంపారు.

ఆ అమ్మాయి కాలవలోకి తొంగి చూసి ముక్కు మూసుకుని, "ఇదెప్పటినుంచి ఇట్లా ఉందమ్మా?" అంది.

నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. అడిగింది కాబట్టి చెబుదామనుకున్నాను. "దూకి రామ్మా, ఇట్టా తిన్నె మీద కూర్చో. మొదట్నించీ చెప్పకపోతే నీకు తెలవదు" అన్నాను. కాలవ గురించి చెప్పాలంటే అది తవ్వించిన మా మామగారి గురించి చెప్పాలి. మామగారి గురించి చెప్పాలంటే ఆయన రెండో పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో చెప్పాలి. అది ఆగిపోయింది పెద్ద గాలివాన వచ్చిన ఏడు. ఆ ఏడు మా ఊళ్ళో ఏ ఇంటి కప్పు ఎవరింటి మీద పడిందో వరుసగా చెప్పాను, ఒక్క ఇల్లు వదల్లేదు. నడుమ మజ్జిగ ఇచ్చాను. మధ్యాహ్నం మూడింటికి ఒకాయన లేవబోతే, "కూర్చో నాయనా, ఇంకా కాలవ దగ్గరికే రాలేదు" అన్నాను. నాలుగున్నరకు ముగ్గురూ నాకు దణ్ణం పెట్టి, కాలవ దూకి, జీపెక్కి వెళ్ళిపోయారు. ఇంకే వీధీ చూడలేదు. నివేదికలో "వృద్ధుల భాగస్వామ్యం అమోఘం" అని రాశారట. మా ఊరికి జిల్లాలో రెండో ర్యాంకు వచ్చింది.

కమిషనరు గారు స్వయంగా కాలవ దూకి వచ్చి నాకు శాలువా కప్పాడు. "బామ్మగారూ, మీలాంటి నిశ్చల వనరు ఏ పట్టణానికీ లేదు" అన్నాడు.

ఆ శాలువా నా బుర్రను పాడుచేసిందని ఒప్పుకోవాలి. ఆ పూట నుంచి నేను వనజను నీళ్ళు అడగలేదు, ఆజ్ఞాపించాను. వీధిలో పోయేవాళ్ళు నా బోర్డు చూసి పోతున్నారో లేదో గమనించాను. ఎండ పడి నంబరు కనబడకపోతే వనజను తుడవమన్నాను.

"అత్తా, కూర్చున్నందుకు గూడా ఇంత మిడిసిపాటా?" అంది వనజ.

"ఊరికే కూర్చుంటే బలం రాదే. కూర్చునేదానికీ ఒక పట్టుదల ఉండాల."

"అది మా అందరికీ తెలుసులే."

ఆమె ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. తెలియనట్టు విభూది పెట్టుకున్నాను.

రెండో ర్యాంకు వచ్చాక ఆఫీసులో ఉత్సాహం కట్టలు తెంచుకుంది. కదలకపోవడం వల్ల ఒక ముసలమ్మకే ఇంత బలం వస్తే, ఆఫీసులో కదలనివి ఎన్ని ఉన్నాయి? లెక్క తీశారు. రోడ్ల మీద గుంతలు పూడ్చకూడదని సర్క్యులరు వచ్చింది. గుంత ఉంటే శత్రువు నడక మందగిస్తుందట. దానికి "దుర్గమ భూభాగం" అని పేరు. వీధిదీపాలు ఆర్పేశారు, శత్రువుకు దారి తెలియకూడదని. కుళాయిల్లో నీళ్ళు వారానికి ఒకసారి చేశారు, ఊరు పట్టుకున్నా దక్కేదేమీ ఉండకూడదని. మా ఊరివాళ్ళు కొందరు "ఇంతకుముందూ అట్టనే గదా ఉండేది" అన్నారు. నిజమే. కానీ ఇంతకుముందు అది నిర్లక్ష్యం, ఇప్పుడు వ్యూహం. ఇంతకుముందు అడిగితే ఆఫీసువాళ్ళు తల దించుకునేవాళ్ళు, ఇప్పుడు తల ఎత్తి చెప్పేవాళ్ళు. తేడా లేదని ఎట్లా అంటాం?

ఆఫీసు పని కూడా వంతుల మీద పడింది. ఒక్కో ఉద్యోగికి రోజుకు ఒక్క కదలిక. మా పక్కింటి ఖాదర్‌బీ మనవరాలి పుట్టిన సర్టిఫికెట్ కోసం పోతే, పెంచలయ్య కాగితం తీసుకుని పక్క బల్ల మీద పెట్టి, "ఈరోజుకు నా వంతు అయిపోయిందమ్మా. రేపు ఆ బల్లాయన వంతు" అన్నాడట. ఖాదర్‌బీ కాలవ అవతల నిలబడి నాకు ఈ సంగతి చెప్పి, "చెంగమ్మా, నువ్వు కోటవంట గదా, నువ్వన్నా చెప్పు" అంది. "నేను కాసేదాన్నే గానీ కదిలించేదాన్ని కాదమ్మే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ ఊపులోనే కాలవ మీద బండ గురించి పెంచలయ్యను మళ్ళీ అడిగాను.

"బండా? ఇప్పుడా?" అని అతను ఉలిక్కిపడ్డాడు. "అది కాలవ గాదవ్వా, కందకం. రికార్డులో మార్చేశాం. నీ బలానికి అదనంగా పాతిక పాయింట్లు ఆ కందకం వల్లనే. ఇంకో రెండడుగులు తవ్వుదామని సారు ఎస్టిమేటు ఏయించాడు."

పాతిక పాయింట్లు అనగానే నేను నోరు మూసుకున్నాను. చూశారా నా బుద్ధి!

ఇక శత్రువు ఎవరో తేలాలి. కోతులు, తనిఖీలు ఎప్పుడో గానీ రావు. మా ఊరికి నాలుగు మైళ్ళలో గవ్వలపాళెం ఉంది. వాళ్ళ చెత్త ట్రాక్టరు మా హద్దులో చెత్త పోసింది. మా ట్రాక్టరు అంతకుముందు ఇరవై ఏళ్ళుగా వాళ్ళ హద్దులో పోస్తోంది, అది వేరే విషయం. గవ్వలపాళెం శత్రు పట్టణమని తీర్మానం చేశారు. పొలిమేరలో షామియానా వేసి, కుర్చీలు వేసి, అక్కణ్ణుంచి వచ్చే ప్రతివాళ్ళనూ దాడిగా రాసుకోవడం మొదలుపెట్టారు.

గవ్వలపాళెం నుంచి వారానికి మూడుసార్లు చేపలు తెచ్చే ఆమె ఉంది. ఆమెనూ దాడి కింద రాసి నా దగ్గరికి పంపేవాళ్ళు. గంట సేపు బేరమాడి నేను ఆమెను ఓడించేదాన్ని. అట్లా నా ఖాతాలో పన్నెండు విజయాలు పడ్డాయి. పదమూడోసారి వచ్చినప్పుడు ఆమె చేప నా చేతికిచ్చింది గానీ బేరానికి దిగలేదు.

"చెంగమ్మా, నీ చెల్లెలు మస్తానమ్మ మాట చెప్పి పంపింది" అంది.

నా చేతిలో ఉన్న చేప జారి కాలవలో పడింది. వంజరం ముక్క. కందకం మింగేసింది.

"రెండు కళ్ళల్లో పొరంట. కుడికంటికి సోమవారం ఆపరేషన్. 'ఏం జరగతదో ఏమో, ఆ లోపల మా అక్క మొకం ఒకసారి చూడాల, రమ్మను' అనింది. అంతే. నువ్వు రాకపోతే తిట్టమని గూడా చెప్పింది. ఏమని తిట్టాల్నో చెప్పింది. నాకు నోరు రాదులే."

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పదకొండేళ్ళ కిందట మా మనవరాలి ఓణీల వేడుకకు నేనే నలభై మందికి చేపల పులుసు పెట్టాను. మా వైపు పులుసులో మామిడికాయ వేస్తాం. ఆ రోజు కాయలు బాగా పుల్లనివి పడ్డాయి. రుచి చూసినప్పుడే నాకు తెలిసింది. అయినా దించేశాను. పంక్తిలో మా చెల్లెలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లిగా, నాకు మాత్రమే వినబడేట్టు, "అక్కా, పులుపు రవ్వంత ఎక్కువైనట్టుండాదే" అంది.

ఆమె మాట పూర్తయ్యిందో లేదో, నాలో ఏదో తనంతట తానే లేచి నిలబడింది. ఎవరి ఆజ్ఞ కోసమూ చూడలేదు. "పిల్లల్ని కన్నదానివైతే గదా పదిమందికి వండేది తెలిసేదానికి" అన్నాను. పంక్తిలో అందరికీ వినబడేట్టు అన్నాను.

దానికి పిల్లలు లేరు. దాని బాధ ఏమిటో దాని మొగుడి తర్వాత ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మస్తాను ముద్ద విస్తరాకులో వదిలేసి, చెయ్యి కడుక్కోకుండా లేచి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అది కాలు పెట్టిన బండే, నేను దాని వెంట పోయి ఉంటే నేనూ కాలు పెట్టి ఉండాల్సిన బండే, మూడోరోజు లారీ ఎక్కి విరిగింది. నాకు భలే సాకు దొరికింది. బండ వెయ్యనీ, పోదాం అనుకున్నాను. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మునిసిపాలిటీవాళ్ళు నా బలాన్ని నెలకొకటి చొప్పున లెక్కకట్టారు గానీ, అది బలం కాదు. రోజూ పొద్దున "రేపు పోదాంలే" అనుకోవడం.

సెలవు కోసం వనజ చేత అర్జీ రాయించాను. కోటకు సెలవు కావాలని అర్జీ రావడం మొదటిసారి కాబట్టి కమిషనరు గారే వచ్చాడు.

"బామ్మగారూ, మీ కుటుంబ పరిస్థితి పట్ల పురపాలక సంఘం సానుభూతి తెలియజేస్తోంది. కానీ ఒక్క గడి కదిలితే మీ నూట అరవై మూడు పాయింట్లూ సున్నా. పట్టణం నగ్నంగా మిగులుతుంది."

"నగ్నంగా ఏంది సార్, నలభై వేలమంది ఉండారే!" అంది వనజ.

"వాళ్ళందరూ కదిలేవాళ్ళమ్మా" అన్నాడాయన బాధగా.

"పోనీ నా ఫైలు ఉండాది గదా నాయనా, రెండో స్థానంలో" అన్నాను.

"ఫైలు మాట్లాడదు బామ్మగారూ. మన రక్షణ మొత్తం మీ మాట మీదనే ఆధారపడి ఉంది. పైగా మీరు వెళ్ళేది శత్రు పట్టణానికి. దళం తనంతట తాను ఊరు విడిచి పోకూడదు. ఆటలో కూడా అట్లా జరగదు."

అర్జీ మీద "తిరస్కరించడమైనది" అని రాసి వెళ్ళిపోయాడు. వనజ ఆయన్ను ఆ గట్టుదాకా తిట్టుకుంటూ పోయింది. నేను మాత్రం తిట్టలేదు. చెబితే నవ్వుతారు, నాకు లోపల చల్లగా అనిపించింది. పదకొండేళ్ళుగా నేను వెతుక్కుంటున్న సాకు ఇన్నాళ్ళకు గవర్నమెంటు ముద్రతో చేతికొచ్చింది. "నేను రాను" అనక్కర్లేదు. "రానివ్వడం లేదు" అంటే చాలు.

వనజ తిరిగొచ్చి నా మొహం చూసింది. "అత్తా, నీకు సంతోషంగా ఉండాది కదా?" అంది.

"నోర్ముయ్యవే" అన్నాను. చూడండి, అదీ తనంతట తానే వచ్చింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పొలిమేర నుంచి ఈలలు వినబడ్డాయి. తర్వాత డప్పు. తర్వాత ఒక ఆటో గుంతల్లో పడి లేస్తూ మా వీధిలోకి వచ్చింది. దాని వెనక సైకిల్ మోటారు మీద పెంచలయ్య, ఆయన వెనక జీపులో కమిషనరు గారు, వాళ్ళ వెనక సగం ఊరు.

ఆటోలోంచి మస్తాను దిగింది. సన్నబడింది. చెయ్యి ముందుకు చాపి గాలిని తడుముకుంటూ రెండడుగులు వేసింది. ఖాదర్‌బీ పరిగెత్తి రెక్క పట్టుకోకపోతే కందకంలో పడేది.

"ఎక్కడుండావే?" అని అరిచింది మస్తాను. "నాకు మసకమసగ్గా ఉండాది. ఆ తెల్లగా కనబడేది నువ్వా, గోడా?"

"రెండూ ఒకటే పిన్నమ్మా" అంది వనజ.

పెంచలయ్య కాగితం తీశాడు. "దాడి నెంబరు ఇరవై ఏడు. దాడి చేయువారు: శ్రీమతి మస్తానమ్మ, గవ్వలపాళెం. బలం..." అని ఆగి, "ఈ ఉదయమే కదిలి వచ్చారు కాబట్టి ఒకటి. రక్షించువారు: శ్రీమతి చెంగమ్మ. బలం నూట అరవై మూడు."

"దాడేందిరా నీ మొకం! మా అక్కను చూసేదానికి వచ్చినా" అంది మస్తాను.

"అమ్మా, దాడి వంతు మీది. ముందు మీరు కానివ్వాలి" అన్నాడు కమిషనరు గారు చాలా మర్యాదగా.

మస్తాను గొంతు తగ్గించి, సరిగ్గా ఆ రోజు పంక్తిలో అన్నంత మెల్లిగా అంది.

"అక్కా, ఆ పులుసు పులుపు ఎక్కువైందే."

వీధిలో డప్పు ఆగింది. నాలో అది లేచింది. మీకు చెబుతున్నాను, ఒట్టు, మళ్ళీ లేచి నిలబడింది. నాలుక చివర మాట కూడా సిద్ధంగా ఉంది. అవతలి గట్టున కమిషనరు గారు పలక పట్టుకుని నా వైపు ఆశగా చూస్తున్నాడు. "బామ్మగారూ, మీ వంతు" అన్నాడు.

గట్టు మీద మస్తాను తల కొంచెం పక్కకు వంచి, నా గొంతు ఎటునుంచి వస్తుందా అని చెవి అటు పెట్టి నిలబడింది. నా పెళ్ళయిన కొత్తలో నన్ను చూడొచ్చి ఇదే తిన్నె మీద పులిజూదం ఆడేటప్పుడు నా ఎత్తు కోసం అట్లాగే తల వంచుకుని కూర్చునేది. ఒక్కసారి కూడా తొందరపెట్టేది కాదు.

"ఎక్కువైందే మస్తానూ" అన్నాను. "దించేటప్పుడే తెలుసు నాకు. పులుసు సంగతి అట్టుంచు. ఆ మాట అనకూడదే. అనకూడని మాట అన్నాను."

కమిషనరు గారు పలక చూసుకున్నాడు. రక్షించే దళం తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో అందులో లేనట్టుంది.

"వనజా, వడియాల బల్ల తే" అన్నాను.

వనజ అప్పటికే తెస్తోంది. బల్ల కాలవకు అడ్డంగా పడింది. వనజ ఒక చెయ్యి, అవతలినుంచి ఖాదర్‌బీ ఒక చెయ్యి పట్టుకున్నారు. మోకాళ్ళు కటకటమన్నాయి. అవి నిజంగానే నొప్పి పుడుతున్నాయని ఆ పూటే తెలిసింది, ఇన్నేళ్ళూ నేను ఊరికే అంటున్నాననుకున్నాను. నాలుగడుగులు. అవతలి గట్టు మీద కాలు పెట్టాను.

మస్తాను రెండు చేతులతో నా మొహమంతా తడిమింది. "ఇంత ముసలిదానివై పొయ్యావేందే!" అంది.

"నీకు కనబడదు గదా, ఎట్టా తెలుసు?"

"చేతులకు తెలస్తది."

వెనక పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, రక్షణ దళం గడి దాటింది. బలం సున్నా. సర్క్యులరు తొమ్మిదో పేరా ప్రకారం, రక్షణ లేని పట్టణంలో కాలు పెట్టిన శత్రువుకే ఆ పట్టణం చెందుతుంది."

"ఎవరు రాశారా పేరా?" అన్నాడు కమిషనరు గారు నీరసంగా.

"తమరే సార్."

నిబంధన నిబంధనే. కమిషనరు గారి గురించి ఒక మంచి మాట చెప్పాలి, ఆటలో ఓడితే గళ్ళు చెరిపేసే రకం కాదు. చేతులు కట్టుకుని మా చెల్లెలి ముందు నిలబడ్డాడు. "అమ్మా, పట్టణం మీదైంది. మీ మొదటి ఆజ్ఞ?"

మస్తానుకు ఇదంతా సగమే అర్థమైంది. సగం అర్థమైనా ఆజ్ఞలివ్వడం మా ఇంటి ఆడవాళ్ళకు కష్టమేమీ కాదు. "ముందు ఈ కాలవ మీద బండ ఎయ్యండిరా. ఇందాక పడి సచ్చేదాన్ని" అంది.

పెంచలయ్య ఆఫీసుకు పోయాడు. పదకొండేళ్ళ ఫైలును బల్ల మీంచి లేపేసరికి దాని కింద బల్ల రంగు వేరేగా ఉందట. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావాల్సిన దళం నేనే కదా, నేను అవతలి గట్టున మా చెల్లెలి పక్కన కూర్చుని సోడా తాగుతున్నాను. సాయంత్రానికి బండ పడింది. మర్నాడు దాని మీదుగానే నడిచి, ఆటో ఎక్కి, మస్తానును ఆపరేషనుకు తీసుకుపోయాను. కందకాన్ని మళ్ళీ కాలవగా మార్చడానికి మాత్రం ఇంకా ఫైలు నడుస్తోందంటున్నారు, రోజుకు ఒక బల్ల చొప్పున. గోడ మీద బోర్డులో సున్నా అట్లాగే ఉంది. తుడవొద్దన్నాను.

కట్టు విప్పిన నాలుగోరోజు మస్తాను మా తిన్నె మీదనే కూర్చుంది. పొద్దున్నే వంజరం తెప్పించాను, గంట బేరం లేకుండా. మామిడికాయను నాలికకు తగిలించి చూసి, సగమే వేశాను. మస్తాను ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కొత్త కంటితో నా మొహం నిదానంగా చూస్తూ నమిలింది.

"ఉప్పు తక్కువైందక్కా" అంది.

నాలో అది లేచింది. నేను దాన్ని కూర్చోమన్నాను. నా వంతు వదిలేసి, లోపలికి పోయి ఉప్పుగిన్నె తెచ్చి మస్తాను ముందు పెట్టాను.

ఉప్పు సరిగ్గానే ఉందని మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను.